చికాగో దారిలో మైళ్ళ లెక్క

విమానంలో దూరప్రయాణం చేసేవారికి టిక్కెట్టుతోపాటు మరొక వస్తువు కూడా సంక్రమిస్తుంది. అది కంటికి కనబడదు, సంచిలో పెట్టుకోవడానికి వీలు లేదు. దానిని 'మైళ్ళు' అంటారు. కొందరు 'పాయింట్లు' అంటారు. ఎన్ని మైళ్ళు ఎగిరితే అన్ని మైళ్ళని మన పేర ఒక పద్దులో జమకట్టి, అవి కొంత పోగుపడిన తరువాత ఒక టిక్కెట్టు ఇస్తారు. కిరాణా కొట్టువాడు పండుగకు పాత ఖాతాదారుకు బెల్లం అచ్చు చేతిలో పెట్టడం వంటిదే ఇదీను. కాకపోతే ఇక్కడ బెల్లం అచ్చు కావలసినవాడు ముందుగా తన పేరు నమోదు చేయించుకోవాలి. అడగనివాడికి ఎవరూ పిలిచి ఇవ్వరు.

మన పత్రిక చదివే కుటుంబాలలో అమెరికాలోనో సింగపూరులోనో ఒక బిడ్డ లేని ఇల్లు ఇప్పుడు అరుదు. తల్లిదండ్రులు ఏడాదికో రెండేళ్ళకో వెళ్ళి వస్తున్నారు. వారిలో చాలామంది ఈ మైళ్ళను గాలికి వదిలివేస్తున్నారని, వదలనివారు కూడా ఏ ఖాతాలో వేయించుకోవాలో తెలియక నాలుగు చోట్ల నాలుగు పిడికెళ్ళు చల్లుకుంటున్నారని నేను చూశాను. ఈ విషయం నాకు తెలియడానికి కారణం నా గొప్ప కాదు, నా ఉద్యోగం. బెంగుళూరులో యంత్రభాగాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో గుమాస్తాను. పెద్దవారి ప్రయాణాల కాగితాలన్నీ నా బల్లమీదుగానే పోతాయి.

2024 సెప్టెంబరులో చికాగోలో పెద్ద యంత్రాల ప్రదర్శన జరిగింది. అది రెండేళ్ళకొకసారి జరిగేది. ఆ ఏడు 9వ తేదీనుంచి 14వ తేదీ వరకు. మా యజమానిగారు చూసితీరాలన్నారు. ఆయనకు 72 ఏళ్ళు, మోకాళ్ళు స్వాధీనంలో లేవు. ఒంటరిగా పంపడానికి ఇంట్లోవారు ఒప్పుకోలేదు. కొడుకులిద్దరికీ తీరిక లేదు. చివరకు, మందుల వేళలు తెలిసినవాడిని, ఆయన కోలారు తెలుగూ కంపెనీ కాగితాల ఇంగ్లీషూ రెండూ అర్థమయ్యేవాడిని అని నన్ను కూడా పంపించారు. పక్కన మనిషి ఉండాలి గనుక ఇద్దరికీ బిజినెస్ క్లాసే. నా టిక్కెట్టు ఖరీదు నా పదినెలల జీతం కంటె ఎక్కువ. ఆ అంకె చూసినప్పటినుంచి, ఇంత డబ్బు మీద వచ్చే మైళ్ళు ఒక్కటి కూడా నేలపాలు కారాదని నాకు పట్టుదల కలిగింది.

ముందు దారి తేలాలి. దారి తేలితే గాని ఖాతా తేలదు. బెంగుళూరునుంచి చికాగోకు నేరుగా విమానం లేదు. దుబాయి, దోహా, అబుదాబీల మీదుగా వెళ్ళవచ్చు. లండను మీదుగా, ఫ్రాంక్‌ఫర్టు మీదుగా వెళ్ళవచ్చు. ఢిల్లీ వెళ్ళి అక్కడినుంచి ఎయిరిండియా ఎక్కవచ్చు. అబుదాబీలో ఒక సౌకర్యమున్నది: అమెరికా దేశపు తనిఖీ అధికారులు 2014 నుంచి అక్కడే కూర్చుని అక్కడే ముద్రవేసి పంపుతారు, చికాగోలో దిగి క్యూలో నిలబడే పనిలేదు. నేను దానివైపు మొగ్గాను. కాని గల్ఫు దారిలో మొదటి అంచె నాలుగు గంటలైతే రెండవది పద్నాలుగు గంటల పైమాటే. ఆ లెక్క చెప్పగానే పెద్దాయన, "ఏమప్పా, పద్నాలుగు గంటలు ఒకే తావున పండుకోవడానికి నేనేమన్నా మూటనా?" అన్నారు. ఫ్రాంక్‌ఫర్టు దారిలో రెండంచెలూ ఇంచుమించు సమానం, ఒక్కొక్కటి పది గంటల లోపు. నడుమ దిగి కాళ్ళు చాచి నడవవచ్చు. అంచేత లుఫ్తాన్సా ఖాయమైంది. మా పాస్‌పోర్టులలో అమెరికా వీసా ఉండడంచేత ఫ్రాంక్‌ఫర్టులో విమానం మారడానికి వేరే వీసా అక్కరలేకపోయింది.

ఇక్కడ చాలామంది చేసే ఆలోచన ఏమిటంటే: ఎక్కేది లుఫ్తాన్సా గదా, మైళ్ళు కూడా లుఫ్తాన్సాలోనే వేయించుకుందాం అని. అది అవసరం లేదు. విమాన సంస్థలు మూడు పెద్ద కూటములుగా ఏర్పడి ఉన్నవి. 1997లో స్టార్ అలయన్సు, 1999లో వన్‌వరల్డు, 2000లో స్కైటీము పుట్టినవి. లుఫ్తాన్సా, యునైటెడ్, ఎయిర్ కెనడా, సింగపూర్ ఎయిర్‌లైన్స్, టర్కిష్, 2014 నుంచి మన ఎయిరిండియా – ఇవన్నీ మొదటి కూటమిలోనివి. బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్, కతార్ రెండవ దానిలోవి. ఎయిర్ ఫ్రాన్సు, డెల్టా మూడవదానిలోవి. ఎమిరేట్సు, ఎతిహాద్ ఏ గుంపులోనూ చేరక విడిగా ఒప్పందాలు చేసుకుంటూ వస్తున్నవి. ఒక కూటమిలోని ఏ విమానమెక్కినా ఆ కూటమిలో మనకిష్టమైన సంస్థ ఖాతాలో మైళ్ళు వేయించుకోవచ్చు. ఒక్క షరతు: ఒక ప్రయాణపు మైళ్ళు ఒక్క ఖాతాకే. రెండు చోట్ల వేయించుకునే వీలు లేదు. ఒకసారి పడినవాటిని ఇంకొక సంస్థకు మార్చుకోవడం మామూలుగా కుదరదు. కనుక అమ్మాయికి సంబంధం చూసినంత కాకపోయినా, బ్యాంకులో ఖాతా తెరిచినంత జాగ్రత్తైనా కావాలి.

ఈ పద్ధతి పుట్టింది అమెరికాలో. 1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్సువారు ప్రారంభించారు; కొద్దిరోజులకే యునైటెడ్‌వారు అందుకున్నారు. అంతకు కొంచెం ముందు అక్కడి ప్రభుత్వం విమానచార్జీల మీద పట్టు సడలించినందువల్ల సంస్థల మధ్య పోటీ పెరిగి, ఉన్న బేరాన్ని నిలుపుకోవడానికి ఈ ఉపాయం కనిపెట్టారు. మొదట లెక్క సూటిగా ఉండేది – ఎగిరిన మైలుకు ఒక మైలు. తరువాత తరువాత మెలికలు పడినవి. 2015లో డెల్టా, యునైటెడ్, 2016లో అమెరికన్ తమ సొంత విమానాల విషయంలో దూరాన్ని వదలి, టిక్కెట్టుకు ఎంత డబ్బిచ్చామన్న లెక్కకు మారినవి. లుఫ్తాన్సావారి మైల్స్ అండ్ మోర్ పథకం 2018లో ఆ దారినే పట్టింది. కాని భాగస్వామి సంస్థల ఖాతాలో వేయించుకుంటే చాలాచోట్ల ఇప్పటికీ దూరంలెక్కే నడుస్తున్నది. మాబోటివాళ్ళు పట్టుకోవలసిన కొస అదే.

బెంగుళూరునుంచి ఫ్రాంక్‌ఫర్టు సుమారు 4,600 మైళ్ళు. అక్కడినుంచి చికాగో 4,340. పోనూ రానూ కలిపితే 17,900 మైళ్ళ దాకా వస్తుంది. దీనిని అలాగే జమకడతారనుకుంటే పొరపాటు. టిక్కెట్టు మీద ఒక అక్షరం ఉంటుంది. లుఫ్తాన్సా బిజినెస్ క్లాసులో అవి జె, సి, డి, జెడ్, పి. కూర్చునే కుర్చీ అదే, పెట్టే భోజనం అదే. ఖరీదునుబట్టి అక్షరం మారుతుంది. అక్షరాన్నిబట్టి జమ మారుతుంది. ఒక సంస్థ ఒక అక్షరానికి నూటికి 150 కట్టవచ్చు, ఇంకొకటి అదే అక్షరానికి 100 కట్టవచ్చు, చౌక అక్షరానికి అంతకంటె తగ్గించవచ్చు. ఈ పట్టికలు ప్రతి సంస్థవారూ బహిరంగంగానే ప్రకటిస్తారు. టిక్కెట్టు కొన్న తరువాత చూడడం కాదు, కొనేముందు ఏజెంటును 'ఏ అక్షరం?' అని అడగాలి. ఈ ప్రశ్న వేస్తే ఏజెంటు ముఖంలో మర్యాద పెరగడం నేను గమనించాను.

ఇంకొక మాట. ఈ పథకాలలో మైళ్ళు కాక హోదాలు కూడా ఉన్నవి – వెండి, బంగారం అని. సింగపూరువారి క్రిస్‌ఫ్లయరులో పన్నెండు నెలల్లో 25 వేల మైళ్ళు ఎగిరితే వెండి, 50 వేలైతే బంగారం. బంగారం వస్తే కూటమిలోని ఏ విమానానికైనా లాంజిలో కూర్చోనిస్తారు, సామాను ఎక్కువ తీసుకుపోనిస్తారు, ముందు ఎక్కనిస్తారు. దీని కోసం ఆరాటపడేవారున్నారు. మా ప్రయాణాన్ని నూటికి 125 చొప్పున కట్టినా 22 వేల చిల్లరకంటె రాదు, వెండికే చాలదు. అదీగాక, బిజినెస్ క్లాసు టిక్కెట్టు చేతిలో ఉన్నవాడికి లాంజి, ముందెక్కడం, 32 కిలోల పెట్టెలు రెండు – ఇవన్నీ ఆ టిక్కెట్టుతోనే వస్తున్నవి. ఏడాదికి ఒక్కసారి వెళ్ళేవారు హోదా మాట మరచిపోవచ్చు. నెలకు రెండుసార్లు ఎగిరే సేల్సు మేనేజరుకు అది కావాలి గాని, మనవడిని చూడబోయే తాతగారికి అక్కరలేదు. మోకాళ్ళ నొప్పులవారికి చక్రాల కుర్చీ కావాలంటే ముందుగా చెప్పుకుంటే చాలు, ఏ క్లాసువారికైనా డబ్బు పుచ్చుకోకుండా ఇస్తారు. దానికీ ఈ హోదాకూ సంబంధం లేదు.

కనుక మాకు మిగిలిన ప్రశ్న ఒక్కటే: మైళ్ళను రేపు ఎక్కడ ఖర్చుపెడతాం? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే ఖాతా దానంతటదే తేలుతుంది. పెద్దాయన కూతురు సింగపూరులో కాపురముంటున్నది. ఆయన ఈసారి ఎగరబోయేది జర్మనీ విమానంలోనైనా, తరువాత ఎగరబోయేది బెంగుళూరునుంచి సింగపూరుకు. అంచేత ఆయన పేర క్రిస్‌ఫ్లయర్ ఖాతా తెరిచాను. దానికి గడువు మూడేళ్ళు. ఈ నెలలో పడిన మైళ్ళు మూడేళ్ళకు అదే నెలాఖరున పోతాయి. గడువే లేనివి కూడా ఉన్నవి. యునైటెడ్‌వారు 2019లో గడువు తీసివేశారు. పిల్లలు అమెరికాలో స్థిరపడి, అక్కడి లోపలి ప్రయాణాలకు వాడుకునే తల్లిదండ్రులకు అది మంచిది. కుటుంబమంతా కలిసి ఒక కుండలో పోసుకునే వీలు కొందరే ఇస్తారు. ఎయిర్ కెనడావారి ఏరోప్లానులో ఎనిమిదిమంది వరకు కలుపుకోవచ్చు. బ్రిటిష్ ఎయిర్‌వేసులోనూ ఎమిరేట్సులోనూ కుటుంబపు ఖాతాలున్నవి. అలాంటి వీలు లేనిచోట భార్యవి భార్యకు, భర్తవి భర్తకు; ఇద్దరివీ చెరి సగం మిగిలిపోయి ఎవరికీ టిక్కెట్టుకు చాలకపోవడం నేను రెండు ఇళ్ళల్లో చూశాను.

నా సంగతి వేరు. నేను మళ్ళీ పరదేశం వెళ్ళే సూచనలు లేవు. మా అక్కగారిది బరంపురం. వాళ్ళు మూడు తరాలుగా అక్కడే. మా అమ్మకు ఆమెను చూడాలని ఉన్నది గాని, బెంగుళూరునుంచి ఒక రాత్రి ఒక పగలు రైలులో కూర్చునే శక్తి తగ్గింది. విశాఖపట్నం దాకా విమానంలో వెళితే అక్కడినుంచి బరంపురం రైలులో నాలుగైదు గంటలు. అది మనసులో పెట్టుకుని నా పేర ఎయిరిండియా ఖాతా తెరిచాను. అప్పటికి దానిపేరు ఫ్లయింగ్ రిటర్న్స్. ఆ ఏడు నవంబరు 12న విస్తారా వచ్చి ఎయిరిండియాలో కలిసిన తరువాత మహారాజా క్లబ్ అనే పేరు వచ్చింది. చాలామంది మిత్రులు 'విదేశీ ఖాతా వదిలి దేశవాళీదా?' అన్నారు. ఖాతా గొప్పదా కాదా అని కాదు. అది నడిచే దారిలో మా అక్క ఇల్లుందా లేదా అని నేను చూసుకున్నాను.

మైళ్ళను దాచిపెట్టుకుని మురిసిపోవడం మంచిది కాదని మన బెంగుళూరువారికి వేరే చెప్పనక్కరలేదు. కింగ్‌ఫిషర్ విమానాలు 2012 అక్టోబరులో నిలిచిపోయినప్పుడు దాని ఖాతాల్లో పోగుచేసుకున్నవారికి ఏ దారీ లేకపోయింది. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. దాని మైళ్ళ పథకం వేరే కంపెనీ గనుక పేరు మార్చుకుని కొంత నిలిచింది. బ్యాంకులో సొమ్ముకు వడ్డీ పెరుగుతుంది; మైళ్ళకు వడ్డీ లేదు సరిగదా, నిన్న 20 వేలకు వచ్చే టిక్కెట్టుకు రేపు 30 వేలని సంస్థవారు ఒక ప్రకటనతో మార్చవచ్చు. ఉచితమనే టిక్కెట్టుకు కూడా పన్నులు మనమే కట్టుకోవాలి. కొన్ని సంస్థలు ఇంధనం పేరిట ఇంకా వసూలు చేస్తాయి. ఇవన్నీ చూసుకుంటే, మూడేళ్ళలో ఖర్చుపెట్టగలిగినంత మేరకే మైళ్ళు ఆస్తి.

పేర్ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఈ బాధ మనవారికి ఎక్కువ. ఆంధ్రదేశంలో ఇంటిపేరు ముందు, మనిషిపేరు తరువాత. తమిళనాడులో స్థిరపడిన మన కుటుంబాలు ఇంటిపేరును వదలి తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని పట్టుకున్నవి. కర్ణాటకలో ఊరిపేరు, తండ్రిపేరు, ఇంటిపేరు మూడూ పొడి అక్షరాలుగా ముందు నిలబడతాయి. మా పెద్దాయన పేరుకు ముందు మూడక్షరాలున్నవి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారు మనలో ఎందరో. ఒకే పేరున్నవారికి అమెరికా వీసాలో రెండవ గడిలో 'ఎఫ్ ఎన్ యు' అని వేస్తారు. తెలియదు అని దాని అర్థం. పాపం, నామకరణం చేసిన తాతగారికి ఈ మాట తెలిస్తే ఏమనుకుంటారో! 2022 నవంబరులో దుబాయి, అబుదాబీల ప్రభుత్వమైన యుఎఇవారు ఒకే పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద రానివ్వమని ప్రకటించారు. మైళ్ళ ఖాతాకు వచ్చేసరికి, టిక్కెట్టులో పేరు ఒకరకంగా ఖాతాలో ఒకరకంగా ఉంటే జమ పడదు. మన సంఘంలోనే ఒక పెద్దమనిషికి పేరు ముందువెనుకలు కావడంచేత ఒక సంస్థవారు ఒకవైపు మైళ్ళు పూర్తిగా ఆపివేశారు. నాలుగు ఉత్తరాలు వ్రాసి, పాస్‌పోర్టు నకలు పంపితే గాని పడలేదు. ఆయన బోర్డింగు పాసులు దాచి ఉంచారు గనుక పని జరిగింది. పాస్‌పోర్టులో ఎలా ఉన్నదో టిక్కెట్టులో అలా, టిక్కెట్టులో ఎలా ఉన్నదో ఖాతాలో అలా. బోర్డింగు పాసు ముక్కలు మైళ్ళు జమపడేదాకా పారవేయవద్దు. మరచిపోయినవారు ప్రయాణం చేసిన కొన్ని నెలలలోపు అడిగి వేయించుకోవచ్చు. ఆ గడువు సంస్థకొకటి.

ఇక ప్రయాణం. బెంగుళూరు విమానాశ్రయపు రెండవ టెర్మినల్‌నుంచి అర్ధరాత్రి దాటిన తరువాత బయలుదేరాము. 2023 సెప్టెంబరునుంచి పరదేశ విమానాలు అక్కడినుంచే. పైకప్పు అంతా వెదురు. తీగెలు పైనుంచి వేలాడుతూ ఉంటాయి. గోడలవెంట నీరు జారుతూ ఉంటుంది. పెద్దాయన చక్రాల కుర్చీలో తలెత్తి చూసి, "మా ఊరి వెదురుబుట్టల వాడిని తెచ్చి ఇక్కడ నిలబెడితే ఏడుస్తాడప్పా, సంతోషంతో" అన్నారు. ఈ కట్టడానికి నమూనా గీసినది స్కిడ్‌మోర్, ఓయింగ్స్ అండ్ మెరిల్ అనే సంస్థ. 1936లో చికాగోలోనే పుట్టిన సంస్థ అది. అక్కడి 110 అంతస్తుల సియర్స్ టవరు కూడా వారిదే; ఇప్పుడు దానిని విల్లిస్ టవరు అంటున్నారు. దాని ఎత్తు 442 మీటర్లు. అది అంత ఎత్తున నిలవడానికి లెక్క కట్టిన ఇంజనీరు ఫజ్లుర్ రహమాన్ ఖాన్ ఢాకావాడు. అంటే మేము ఎక్కినచోటా దిగినచోటా ఒకే సంస్థ చేతిపని చూశామన్నమాట.

బిజినెస్ క్లాసు గురించి నాకు చెప్పవలసినది ఒక్కటే: కుర్చీ మంచమవుతుంది. మిగతా పళ్ళేలూ గ్లాసులూ నాలుగు మాటల్లో పోతాయి. పడుకున్న మనిషికి మోకాలు నిటారుగా వేలాడదు. ఆ సుఖం కోసమే ఆ డబ్బు. పెద్దాయన ఆరుగంటలు నిద్రపోయారు. నేను మెలకువగానే ఉన్నాను, పదినెలల జీతాన్ని నిద్రలో పోగొట్టడం ఇష్టంలేక. శాకాహారం కావాలంటే ముందే వ్రాయించాలి. మేము వ్రాయించాము, పప్పూ అన్నమూ వచ్చినవి, ఉప్పు తక్కువ. మా ఇంటినుంచి తెచ్చిన నిమ్మకాయ ఊరగాయ దానిని సరిదిద్దింది.

ఫ్రాంక్‌ఫర్టులో నడక ఎక్కువ. ఏ విభాగానికీ బి విభాగానికీ మధ్య నేలకింద సొరంగం, అందులో కదిలే బాట. పెద్దాయన కుర్చీ అక్కరలేదని పట్టుబట్టి కొంతదూరం నడిచారు. నడవడానికే గదా ఈ దారి ఎన్నుకున్నది! అక్కడ కిటికీలోనుంచి చూస్తే లోకంలోని విమానాల తోకలన్నీ వరుసగా నిలబడి ఉన్నవి. ఏ తోక ఏ కూటమిదో చెబుతూంటే ఆయన పిల్లవాడిలా విన్నారు.

చికాగోలో ప్రదర్శన జరిగిన మెక్‌కార్మిక్ ప్లేసు మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్నది. సరస్సంటే మన ఉల్సూరు చెరువు మనసులో పెట్టుకుని వెళ్ళకూడదు. ఆవలి గట్టు కనబడదు, అలలు కొడతాయి, వాసన మాత్రం సముద్రానిది కాదు. ప్రదర్శనలో మా యజమానిగారు యంత్రాల మధ్య మోకాళ్ళు మరచిపోయి తిరిగారు. ఆ వివరాలు ఈ పత్రికకు సంబంధించినవి కావు.

11వ తేదీ సాయంకాలం మాత్రం ఆయన కోరికమీద మిషిగన్ అవెన్యూకు వెళ్ళాము. 1893 సెప్టెంబరు 11న వివేకానందస్వామి సర్వమత మహాసభలో మాట్లాడిన భవనం అక్కడే ఉన్నది. ఇప్పుడు అది ఆర్ట్ ఇన్‌స్టిట్యూటు. బుధవారం కావడంచేత తలుపులు మూసి ఉన్నవి. మెట్లకు ఇరుప్రక్కల కంచు సింహాలు రెండున్నవి. అవి స్వామి వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు, 1894లో పెట్టినవి. స్వామి ఆ ఏడు మే 31న బొంబాయిలో ఓడ ఎక్కితే చికాగో చేరడానికి రెండునెలలు పట్టింది. ఆ ప్రయాణానికి చందాలు పోగుచేసినవారు మద్రాసు శిష్యులు. బయలుదేరేముందు ఆయన ఫిబ్రవరిలో సికిందరాబాదు మహబూబ్ కాలేజీలో ఈ యాత్ర ఉద్దేశం గురించి ఉపన్యసించారు. పెద్దాయన మెట్లమీద కూర్చుని, "ఆయనకు ఎవరు మైళ్ళు కట్టినారప్పా?" అన్నారు. తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

తిరిగివచ్చిన పదిరోజులకు మైళ్ళు ఇద్దరి ఖాతాలలోనూ జమపడినవి. అప్పుడు ఆఫీసులో ఒక తగవు లేచింది. మా లెక్కల అధికారి, "కంపెనీ సొమ్ముతో కొన్న టిక్కెట్టు, మైళ్ళు నీవెలా అవుతాయి?" అన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. ఏ పథకపు నిబంధనలు చూసినా ఖాతా మనిషి పేరనే ఉంటుంది; సీటులో కూర్చున్నవానివే మైళ్ళు. కంపెనీలకు వేరే పథకాలున్నవి. వాటిలో చేరితే కంపెనీకి పాయింట్లు, ప్రయాణీకుడికి మైళ్ళు రెండూ వస్తాయి. కాని నిబంధన ఒకటి, ధర్మం ఒకటి. మన కేంద్ర ప్రభుత్వంవారు ఉద్యోగుల అధికార ప్రయాణాలమీద వచ్చిన మైళ్ళను అధికార ప్రయాణాలకే వాడాలని ఆదేశించారు. అమెరికా ప్రభుత్వం మాత్రం 2001 చివర చట్టం చేసి తన ఉద్యోగులు వాటిని సొంతానికి ఉంచుకోవచ్చునన్నది. జర్మనీలో 2002లో కొందరు పార్లమెంటు సభ్యులు అధికార మైళ్ళతో సొంత ప్రయాణాలు చేశారని పెద్ద అల్లరి జరిగి, గ్రెగర్ గీసీ బెర్లినులో మంత్రిపదవికి రాజీనామా ఇచ్చాడు. ఒక్కొక్క దేశం ఒక్కొక్క న్యాయం. మా కంపెనీలో వ్రాసిపెట్టిన రూలేదీ లేదు.

నేను లెక్క అంతా ఒక కాగితంమీద వ్రాసి, పాయింట్లు ఎన్ని, దేనికి వాడదలచుకున్నాను, వద్దంటే కంపెనీ పనిమీద వెళ్ళేవారి టిక్కెట్టుకు వాడి ఇస్తాను అని వ్రాసి పెద్దాయన బల్లమీద పెట్టాను. ఆయన మూడురోజులు దానిమీద ఏమీ చెప్పలేదు. ఆ మూడురోజులూ నేను ఇంట్లో బరంపురం ఊసు ఎత్తలేదు. నాల్గవనాడు కాగితం తిరిగి వచ్చింది. 'అమ్మను తీసుకపో' అని తెలుగులో, దాని కింద ఇకమీదట ఆఫీసులో ఎవరు వెళ్ళినా ఇలాగే కాగితం పెట్టాలని ఇంగ్లీషులో వ్రాసి ఉన్నది. లెక్కల అధికారి దానిని ఫైలులో కట్టాడు. అదే ఇప్పుడు మా రూలు.

2025 ఫిబ్రవరిలో అమ్మనూ నన్నూ విశాఖపట్నం చేర్చడానికి ఆ పాయింట్లు సరిపోయినవి. పన్నులు నేను కట్టాను. హైదరాబాదులో విమానం మారాము. అమ్మ మొదటిసారి విమానమెక్కడం. మబ్బులకు పైన కూడా ఎండ ఉంటుందా అని అడిగింది. సముద్రంమీదుగా తిరిగి దిగుతున్నప్పుడు కొండలను చూసి ఊరు గుర్తుపట్టింది. విశాఖలో దిగి మధ్యాహ్నపు రైలు అందుకుని రాత్రికి బరంపురం చేరాము. అక్కగారింట్లో పదకొండు రోజులున్నాము. తిరుగుప్రయాణానికి పాయింట్లు లేవు. రైలులోనే వచ్చాము, క్రింది బెర్తు దొరికింది.

పెద్దాయన సింగపూరు మైళ్ళు మాత్రం అలాగే ఉన్నవి. వాటి గడువు 2027 సెప్టెంబరు నెలాఖరు. ఆరునెలలకొకసారి ఆ సంగతి చీటీ వ్రాసి ఆయన బల్లమీద పెడుతున్నాను. కూతురు రమ్మంటూనే ఉన్నది. ఆయనేమో అల్లుడు పిలవాలంటున్నారు.